ఎగిరే పాటలు, వినే పాటలు

పోయిన నెల మదనపల్లెలో మా పక్కింటివాళ్ల అమ్మాయికి పెళ్లి కుదిరింది. రిసెప్షన్లో డాన్సుకు ఏ పాటలు పెట్టాలో తేల్చుకోలేక ఆ పిల్లా వాళ్ల అన్నా మా వరండాలో చేరి ఒక్కో పాటే వినిపిస్తున్నారు. నేను బీన్సు తరుగుతూ వింటున్నాను. నాలుగో పాట సగంలో ఉండగా నా చెయ్యి దానంతట అదే పైకి లేచింది.

"ఆపు. ఇది వినే పాట. ఎగిరే పాట కాదు" అన్నాను.

ఆ పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. నేనూ ఒక్క క్షణం తెల్లబోయాను. ఆ మాట నాది కాదు, అలా చెయ్యెత్తడమూ నాది కాదు. రెండూ మా పెద్దమ్మవి. ఆమె పోయి రెండేళ్లయింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పుంగనూరులో ఉండేది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆమె ఒక్కసారైనా డాన్సు ఆడగా చూసినవాళ్లు లేరు. అయినా మదనపల్లె నుంచి కుప్పం దాకా మా బంధువుల్లో ఎవరింట పెళ్లి జరిగినా, డాన్సు పాటల క్యాసెట్టు పుంగనూరు వెళ్లి ఆమె చేత సరే అనిపించుకుని రావలసిందే. ఈ పెత్తనం ఆమెకు ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు. ఆమె తీసుకుంది, అంతే.

మా వైపు పెళ్లిళ్ల కాలమూ చెనక్కాయల, అంటే వేరుశనగ, విత్తనం ఒలిచే కాలమూ ఒకటే. వాన పడేలోగా విత్తనం సిద్ధంగా ఉండాలి. పెద్దమ్మ నడింట్లో గోనెపట్టా పరుచుకుని కాయల కుప్ప ముందు కూర్చునేది. పక్కన టేపురికార్డరు. పాట మొదలవగానే కళ్లు మూసుకునేది, చేతులు మాత్రం ఒలుస్తూనే ఉండేవి. తీర్పు చెప్పేది ఆ చేతులే. పాట మరీ బాగుండి చేతులు ఆగిపోయాయంటే ఇక ఆ పాటకు నూకలు చెల్లినట్టే.

"సేతులు నిలిసిపోయినాయంటే అది వినే పాట. ఎగిరే పాటకు సేతులు పరిగెత్తాల" అనేది.

పాటలు తెచ్చినవాళ్లు ఊరికే కూర్చోవడానికి వీల్లేదు. వాళ్ల ముందూ ఒక కుప్ప పోసేది. పెద్దమ్మకు సంగీతమూ తెలియదు, తాళమూ తెలియదు, ఒలిచే కూలోళ్లు దొరక్క ఈ ఉపాయం కనిపెట్టిందని మా నాన్న అనేవాడు. అంటూనే ఆయన కూడా ఒలిచేవాడు. వేళ్ల కొసలు బొబ్బలెక్కేలా ఎన్నో వేసవులు నేనూ ఒలిచాను.

డాన్సును ఆమె డాన్సు అనేది కాదు, ఎగిరేది అనేది. ఆ ఎగిరే వాళ్ల గురించి ఆమెకు పెద్ద చింత లేదు. వాళ్లు ఏ పాటకైనా ఎగురుతారు. ఆమె పాట ఎంచేది కుర్చీల్లో కూర్చుండిపోయే వాళ్ల కోసం. పెళ్లికి ఎవరెవరు వస్తున్నారో ముందు చెప్పించుకునేది. మోకాళ్లనొప్పులు ఎవరికి, సిగ్గు ఎవరికి, పంచె ఎవరిది వదులు, అన్నీ లెక్కలోకి వచ్చేవి.

"ఈ పాటకు ముందర వాయించేది నిండా పొడుగుండాది. మొగోనికి లెయ్యాలని దైర్నం వచ్చేది ఒక్క నిమిషమే. పాట ఎత్తుకునేలోపల అది కాస్తా పోతాది. కొట్టెయ్."

"ఇది బాగుండాది. నడాన సప్పట్లుండాయి. లావుగా ఉండేవాళ్లు సప్పట్లు కొట్టుకుంటా నిలబడొచ్చు. ఎగిరినట్లే లెక్క."

"ఈ పాటొద్దు పాపా. దీనికి మీ సిన్నాయన ఎగిరితే పంచె నిలబడదు."

ఆమెకు ఇంకో నియమం ఉండేది. ఎంచిన పాట ఏదైనా వరసగా రెండుసార్లు వెయ్యాలి. మొదటిసారి వేస్తే జనం చూస్తారట, రెండోసారి వేస్తే లేస్తారట. ఒకసారి మదనపల్లెలో మా బాబాయి కొడుకు ఆమెకు చెప్పకుండా సొంతంగా పాటలు పెట్టుకున్నాడు. చెవులు చిల్లులుపడే పాటలు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని వాడూ వాడి నలుగురు స్నేహితులూ స్టేజీ ముందు గంటసేపు ఎగిరారు. తక్కిన జనం భోంచేసి, తాంబూలం తీసుకుని వెళ్లిపోయారు. పెద్దమ్మ చివరిదాకా కూర్చుని మొత్తం చూసింది.

మర్నాడు వాణ్ణి పిలిచి, "మున్నూరు మంది వచ్చినారు నాయనా. ఐదుగురు ఎగిరినారు. దీన్ని రిసెప్షన్ అనరు, సర్కసు అంటారు" అంది. వాడు ఇప్పటికీ ఆ పెళ్లి వీడియో ఎవరికీ చూపించడు.

ఇంత తెలివిగల మనిషి ఒకచోట మాత్రం ఓడిపోయి ఉండేది. ఆమెకు ఇద్దరు తమ్ముళ్లు, అంటే నాకు మేనమామలు. ఇద్దరూ పక్కపక్క చేలవాళ్లు. ఒక ఎండాకాలం చిన్నమామ బోరు వేయించాడు, నీళ్లు పడ్డాయి. అదే వారం పెద్దమామ బోరు ఎండిపోయింది. తమ్ముడు భూమి లోపల్నుంచి తన నీళ్లు లాక్కున్నాడని పెద్దమామ తీర్మానించాడు. భూమి లోపలికి దిగి చూసి రమ్మని చిన్నమామ అన్నాడు. ఆ రోజు మొదలు ఏడేళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

మాట్లాడుకోలేదు అంటే పనులు ఆగాయని కాదు. పనులన్నీ పెద్దమ్మ నోటి మీదుగా జరిగేవి. ఇద్దరూ ఆమె నడింట్లోనే, చేతికి అందేంత దూరంలో కూర్చునేవాళ్లు.

"అక్కా, టమోటా ఏ మండీకి ఏసినాడో అడుగు వాణ్ణి" అనేవాడు పెద్దమామ.

"టమోటా ఏ మండీకి ఏసినావప్పా?" అని పెద్దమ్మ చిన్నమామ వైపు తిరిగేది.

"ఏ మండీకేస్తే ఆయప్పకెందుకంట? ఆయప్ప తలకాయలో మట్టి ఉండాదని సెప్పక్కా."

పెద్దమ్మ ఇటు తిరిగి, "పాత మండీకే ఏసినాడంట. నిన్ను గూడా ఆడికే ఏసుకోమంటాండాడు" అనేది.

తమ్ముడు అన్నది పెద్దమామ చెవిన పడకుండా ఎక్కడికి పోతుంది? అయినా పెద్దమ్మ చెప్పిందే లెక్క. "సరే, ఏసుకుంటానని సెప్పు" అనేవాడు గంభీరంగా. ఇది చూసి చిన్నప్పుడు మేం పిల్లలం నోట్లో గుడ్డలు కుక్కుకుని నవ్వేవాళ్లం. పెద్దమ్మ నవ్వేది కాదు. వాళ్లిద్దరూ వెళ్లాక నిట్టూర్చి, "నోరు నొస్తాంది పాపా. మంచినీళ్లు ఇయ్యి" అనేది.

నాకు కుప్పం సంబంధం కుదిరింది. క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న రోజులవి. పెళ్లి కుప్పంలో, పెళ్లికొడుకు వాళ్ల ఊళ్లోనే. మా పద్ధతిలో రిసెప్షన్ ముందు జరుగుతుంది, ముహూర్తం మర్నాటి పొద్దున. అంతవరకు బాగానే ఉంది. చిక్కంతా గంప దగ్గర వచ్చింది. మా ఇళ్లలో పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మేనమామలు ఎత్తి మండపంలోకి తీసుకురావాలి. నాకు మేనమామలు ఇద్దరు. ఇద్దరికీ మాటల్లేవు.

కబురు పంపితే, "పాపను నేనొక్కన్నే ఎత్తతా" అన్నాడు పెద్దమామ. చిన్నమామ కూడా అదే మాట అన్నాడు. ఏడేళ్లలో ఇద్దరూ ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే.

పెద్దమ్మ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. అప్పుడు నేను బొద్దుగానే ఉండేదాన్ని. "ఒక్కరెత్తితే గంప లేస్తాది పాపా, నువ్వు లెయ్యవు" అంది.

"మాటల్లేకపోతే ఏమిలే అక్కా. సెరొక పక్కా పట్టుకుంటే సాలదా?" అంది మా అమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"యాడ సాలతాది? ఎప్పుడు ఎత్తాలో సెప్పుకోవాల, యాడ దించాలో సెప్పుకోవాల. గంప పక్కన నేను నడస్తా, 'ఎత్తమంటాండాడు, దించమంటాండాడు' అని వీనిది వానికీ వానిది వీనికీ సెప్పాల్నా? అంతలోపల పిల్ల కింద పడతాది. కుప్పమోళ్లంతా సూస్తారు."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నిజం చెప్పాలంటే అప్పట్నుంచి పెళ్లికొడుకు గురించి కన్నా గంప గురించే ఎక్కువ ఆలోచించాను. కిందపడతానన్న భయం ఒకటి. నన్ను ఎత్తుకుని పెంచిన ఇద్దరూ నా పెళ్లిలో ముక్కూమొహం తెలియనివాళ్లలా నిలబడతారన్న దిగులు ఇంకొకటి. ఆ దిగులే పెద్దది. పెద్దమ్మకూ అదే ఉందని నాకు తెలుసు.

పాటలు ఎంచడానికి పుంగనూరు వెళ్లాను. నాకెంతో ఇష్టమైన పాట మొదట పెట్టాను. పెద్దమ్మ చేతులు ఆగిపోయాయి. కళ్లు తెరిచి, "శానా బాగుండాది. వినే పాట. నీ మొగునితో ఇంట్లో పెట్టుకోని ఇను" అంది. రెండో పాట కొట్టేసింది, మూడోదీ కొట్టేసింది. మూడు రోజులు కూర్చున్నాం. నేను ఒలిచిన విత్తనం ఒక ఎకరాకు సరిపోతుంది. ఎప్పుడూ సరే అనే రకం పాటలకు కూడా ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

"ఇంతమంది పెండ్లిండ్లకు పాటలు ఎంచినావు. నా పెండ్లికే దొరకలేదా పెద్దమ్మా?" అని గింజుకున్నాను.

"మీ మామలిద్దర్నీ లేపే పాట గావాల. మిగతావాళ్లు ఎట్ల లేసినా సరే" అంది.

అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు ఆమె మూడు రోజులుగా దేనికోసం వెతుకుతూ ఉందో.

నాలుగో రోజు కుప్పం నుంచి మా అత్తగారివాళ్లు ఒక సీడీ పంపారు. కుప్పంవాళ్లు కాబట్టి తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిపి కొట్టించారు. మేం పక్కింట్లో సీడీ ప్లేయరు అడిగి తెచ్చుకున్నాం. అందులో ఏడో పాట కన్నడం. మాకు సగం మాటలు తెలియవు. పాట మొదలైన కాసేపటికి పెద్దమ్మ చేతులు పరిగెత్తడం మొదలుపెట్టాయి. కాయలు టపటపమని చిట్లుతున్నాయి. తర్వాత చేతులు ఆగిపోయాయి. ఈ పాట కూడా పోయిందే అనుకున్నాను. ఆమె ఒళ్లోని పొట్టు దులుపుకుని లేచి నిలబడింది.

"ఇది సెక్కబజన అడుగు పాపా" అంది.

మా అమ్మవాళ్ల ఊళ్లో చెక్కభజన ఉండేదని విన్నాను. మగవాళ్లు చేతుల్లో చెక్కలు పట్టుకుని తాళం వేస్తూ, వలయంగా తిరుగుతూ అడుగులు వేస్తారు. మామలిద్దరూ చిన్నతనం నుంచీ అందులో జత, ఎదురెదురుగా ఆడేవాళ్లట. ఆడపిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. పెద్దమ్మ గోడవారన నిలబడి రోజూ చూసేదట. ఆ రోజు నా ముందు ఇరవై అడుగులకు పేర్లు చెప్పింది. ఏ అడుగులో ఎన్ని దరువులో, ఎక్కడ వంగాలో, ఎక్కడ తిరగాలో చెప్పింది. ఒక్కటీ వేసి చూపించలేదు. అన్ని అడుగులు కంటితో నేర్చుకున్న మనిషిని ఆడనివ్వని వాళ్ల మీద నాకు ఒళ్లు మండింది.

"నువ్వు ఒకటి వెయ్యరాదా పెద్దమ్మా?" అన్నాను.

"సెనక్కాయలు ఎవురొలుస్తారు?" అని మళ్లీ కూర్చుంది.

"మామలకు కన్నడం వచ్చునా?"

"కాలికి బాస యాల?" అంది.

కుప్పంలో రిసెప్షన్ సాయంత్రం ఆరుకే మొదలైంది. స్టేజీ మీద సోఫాలో నేను, కోటు బిగించుకుని చెమటలు కక్కుతున్న మా ఆయన. పెద్దమామ హాలుకు ఆ చివర, చిన్నమామ ఈ చివర కూర్చున్నారు. పెద్దమ్మ మైక్‌సెట్టు ఆయన పక్కన కుర్చీ వేయించుకుంది. ఆయన తన పాటలు తాను వేసుకుంటానని కొంచెం గొణిగాడు. పెద్దమ్మ ఆయన్ను ఒక చూపు చూసింది. ఆయన చెయ్యి చాపి సీడీ అందుకున్నాడు.

ఏడో పాట పడింది. మొదటిసారి అంతా చూశారు. రెండోసారి పడింది. కుప్పం కుర్రాళ్లు లేచారు, మా ఆడబిడ్డలు లేచారు, మా మదనపల్లెవాళ్లు పదిమంది లేచారు. నేను చిన్నమామ చెప్పునే చూస్తున్నాను. అది నేల మీద దరువు వేస్తోంది. ఆ చివర పెద్దమామ పైకప్పు చూస్తూ తనకేమీ పట్టనట్టు కూర్చున్నాడు కానీ ఆయన మోకాలు ఆయన మాట వినడం లేదు. పెద్దమ్మ మూడోసారి వెయ్యమని వేలు చూపించింది.

ఇద్దరూ లేచారు. ఒకరు లేచింది ఇంకొకరు చూడలేదు. చెరోవైపు నుంచి వచ్చి గుంపులో చేరారు. అడుగు తెలిసినవాళ్లు ఇద్దరు చేరేసరికి గుంపంతా వలయంగా మారింది. చేతుల్లో చెక్కలు లేవు, చప్పట్లే చెక్కలు. వలయం తిరిగి తిరిగి ఇద్దరినీ ఎదురెదురుగా తెచ్చి నిలబెట్టింది. మొహాలు చూసుకున్నారు. ఆగిపోతారనుకున్నాను. పాట ఆగలేదు కాబట్టి కాళ్లూ ఆగలేదు. తిరిగే దరువు వచ్చింది. ఎవరి కుడికి వాళ్లు తిరిగితే ఒకరినొకరు దాటుకుపోతారు. చిన్నమామ ఎడమకు తిరిగాడు. ఇద్దరి తలలూ ఠంగున కొట్టుకున్నాయి.

"కుడికి తిరగరా ఎద్దా! ఆ పొద్దూ ఇంతే, ఈ పొద్దూ ఇంతే!" అని అరిచాడు పెద్దమామ.

"నువ్వు మీదికొస్తాంటే కుడికి యాడికి పోయేది? గోడలోకా?" అన్నాడు చిన్నమామ నుదురు రుద్దుకుంటూ.

మా అమ్మ చేతిలో తాంబూలం పళ్లెం అట్లాగే ఉండిపోయింది. మావాళ్లందరూ కొయ్యబారిపోయారు. కుప్పంవాళ్లు మాత్రం ఏమీ తెలియక ఎగురుతూనే ఉన్నారు. పెద్దమామకు అప్పుడు తెలిసింది తనేం చేశాడో. అలవాటు కొద్దీ గిరుక్కున పెద్దమ్మ వైపు తిరిగాడు.

"అక్కా, వానికి తిరిగేది సేతగాదని సెప్పు!"

చిన్నమామ కూడా తిరిగాడు. "అక్కా, తప్పు ఆయప్పదేనని సెప్పు!"

పెద్దమ్మ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఈ పాటలో నాకేమీ ఇనపడ్లేదప్పా. మీరే సెప్పుకోండి" అంది. మైక్‌సెట్టు ఆయన వైపు తిరిగి, "ఇంగోసారి ఎయ్యి నాయనా" అంది.

ఇంకోసారి వేశాడు. వాళ్లు చెప్పుకున్నారు. భోజనాల దగ్గర పక్కపక్కన కూర్చుని చెప్పుకున్నారు. చారు కలుపుకుంటూ చేత్తో ఆకు మీద అడుగులు గీసి చెప్పుకున్నారు. ఏడేళ్ల కిందటి బోరు గురించి ఒక్క మాట రాలేదు, అంతా ఇరవయ్యేళ్ల కిందటి అడుగు గురించే.

మర్నాడు పొద్దున గంప లేచింది. నేనూ లేచాను. "నిదానం, నీ పక్క వొంగింది" అని ఒకరు, "వొంగింది నీ పక్కే, గుంజు" అని ఒకరు, ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో మధ్యన ఎవరి సాయమూ లేకుండా చెప్పుకుంటూ నన్ను మండపం దాకా మోశారు. గంపలో నేను అంచులు పట్టుకుని, పడతానన్న భయం మరిచిపోయి, తల వంచుకుని ఏడ్చాను. పెళ్లికూతురు పుట్టింటిని తలుచుకుని ఏడుస్తోందని కుప్పంవాళ్లు జాలిపడ్డారట.

నన్ను దించాక మామలు మండపం పక్కనే నిలబడిపోయారు. ఆ అడుగు మొదట ఎవరు నేర్పారు, గురువు ఎవరిని మెచ్చుకున్నాడు, ఎవరి చెక్క విరిగింది, అదే గొడవ. ముహూర్తం దగ్గరపడింది. మంత్రాలు చదువుతున్న అయ్యవారికి విసుగొచ్చింది.

"ఏమప్పా, పెండ్లి జరగతాండాది గదా. కొంచేపు మాటలు ఆపండి. నా మంత్రాలు నాకే ఇనపడలేదు" అన్నాడు.

మామలిద్దరూ తప్పు చేసినవాళ్లలా నోరు మూశారు. నా వెనకాల నిలబడి ఉన్న పెద్దమ్మ ముందుకు వచ్చింది. చీరకొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మాట్లాడుకోండప్పా, మీరు మాట్లాడుకోండి" అంది తమ్ముళ్లతో. తర్వాత అయ్యవారికి చేతులు జోడించింది. "సామీ, నువ్వే రవంత గెట్టిగా సదువు."

అయ్యవారు ఆమె మొహంలోకి చూశాడు. గొంతు పెంచి మంత్రం అందుకున్నాడు.